పూడిక లెక్క

ఫిబ్రవరిలోనే కొలవాలట.
ఎండాకాలం పడవలోంచి కొలిస్తే
పడవ కదులుతుంది, గడ కదులుతుంది,
చివరికి మాట కూడా కదులుతుంది.
ఇప్పుడైతే కుంట మీదే నిలబడొచ్చు,
పద్నాలుగంగుళాల మంచు మీద.

మినియాపొలిస్‌కి ఉత్తరాన హెరన్ కోర్ట్,
నలభై ఒక్క ఇళ్ళు.
నలభై ఒక్క చూరుల నీళ్ళు తూము దూరి
ఈ కుంటలోకే చేరతాయి.
చూడ్డానికి బాతుల కోసం తవ్వినట్టుంటుంది గానీ
మా వీధులు కాళ్ళు కడుక్కోడానికి తవ్వింది.

డెబ్భై మూడేళ్ళ ఆర్విడ్ టోలెఫ్సన్ బర్మా తిప్పుతాడు.
బూట్ల చుట్టూ తెల్లటి పొట్టు లేస్తుంది.
నీళ్ళు గుళుక్కుమని పైకొచ్చి
కన్నంలో సర్దుకుంటాయి.

ముందు పళ్ళెం దించాలి.
గిన్నె మూతంత రేకు, గడ చివర బిగించింది.
దిగుతూ దిగుతూ ఎక్కడో
ఆగీ ఆగనట్టు ఆగుతుంది.
అక్కడ నొక్కకూడదు.
నొక్కితే అడుసు మొహమాటపడి
నువ్వెంతంటే అంత అంటుంది.
జ్వరం చూసే చెయ్యిలా తాకి ఊరుకోవాలి.

తర్వాత చువ్వ.
దీనికి మాత్రం భుజం కావాలి.
మెత్తన, మెత్తన, ఇంకా మెత్తన,
టక్.
"రాయి" అంటాడు ఆర్విడ్.
తగిలింది రాయి కాదు, పాత బంకమన్ను.
నన్ను రాయమంటున్నాడు.

పెన్నులో సిరా బిగుసుకుపోయింది, పెన్సిల్‌తో రాస్తాను.
పళ్ళెం ఆగింది మూడడుగుల ఒకటి.
చువ్వ ఆగింది ఆరడుగుల ఆరు.
టేపు పట్టుకున్న న్యా లోర్, ఎనిమిదో తరగతి,
నోటి ఆవిరితోపాటే తీసివేత చేసేస్తుంది:
"మూడడుగుల ఐదు."

ఏముంది ఆ మూడడుగుల ఐదంగుళాల్లో?
కోసి వదిలేసిన పచ్చిక, మేపుల్ ఆకులు,
పైకప్పుల మీంచి రాలిన నల్లరవ్వ,
ఎవరో కొత్త వాకిలి పోయించిన ఏడు
గాలివానకి కొట్టుకుపోయిన మట్టి,
టైర్ల అరుగుదల.
ఎవరూ వెయ్యలేదు.
అందరిదీ పడింది.

కోశాధికారి డెలోరెస్ కుబియాక్ ఒడ్డు దిగదు.
సగం దాటి పూడితే తవ్వించాలని కాగితంలో ఉంది.
తవ్విస్తే ఇంటికి రెండువేల మూడొందల డాలర్లు.
"తూము దగ్గర కొలవకపోతే ఏం?
అక్కడెప్పుడూ ఎక్కువే ఉంటుంది కదా" అంటుంది.
చెడ్డ మనిషి కాదు.
తలుపులన్నీ తట్టాల్సింది తనే మరి.

ఆర్విడ్ గునపంతో మంచు తట్టి చూసుకుంటూ
తూము దగ్గరికే నడిచాడు.
పళ్ళెం అడుగు నాలుగంగుళాలకే ఆగిపోయింది.
చువ్వ ఆరడుగుల రెండు దాకా దిగింది.
న్యా లెక్క చెప్పేలోపే పైకి లాగి
కొసకంటిన ముద్ద తీసి
గ్లోవ్ విప్పి
వేళ్ళ మధ్య నలిపాడు.
చాలాసేపు నలిపాడు.

"ఇది నాది."

ఇరవై ఆరు చలికాలాలు
నగరంవాళ్ళ నారింజ లారీ నడిపాడట.
వేకువ మూడింటికి
ముందు మంచు తోసే రెక్క,
వెనక ఇసుక చల్లే చక్రం.
ఈ ఎర్ర గరుకిసుక అప్పట్లో ఒక్క గనిలోనే దొరికేది,
వేళ్ళకి గుర్తుంది.
"ఈ వీధి చివర పల్లం కదా,
ఇక్కడ రెండు పాళ్ళు ఎక్కువే వేసేవాణ్ణి.
స్కూలు బస్సు మలుపు."

ఒక్క బస్సూ జారలేదు.
ఉప్పు కరిగి ఎటో పోయింది.
ఇసుక మాత్రం ఇక్కడే దిగింది.

"నాలుగడుగుల పది" అంది న్యా, మెల్లిగా.
ఒడ్డు మీంచి డెలోరెస్:
"నాలుగనుకుందామా, రౌండుగా?"

నా పెన్సిల్ కాగితం మీద ఆగింది.
ఆర్విడ్ ఆ ఇసుకని పారెయ్యలేదు.
చిల్లర వేసుకున్నట్టు కోటు జేబులో వేసుకుని
తడిచెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాడు.
"రాయి" అన్నాడు.

ఇంకా ఏడు కన్నాలు వెయ్యాలి.
బర్మా భుజానికెత్తుకుని ముందు నడిచాడు.
వెనక, మొదటి కన్నం మీద
అప్పుడే పల్చటి పొర కట్టింది.